శుద్ధప్రతి – పద్నాలుగో భాగం: ఒంటి చెప్పు

పోయిన వారం పత్రిక పక్కింటికి వెళ్లి ఇంకా తిరిగిరాని ఇళ్ల కోసం ముందుగా నాలుగు ముక్కలు. మన రచయిత్రి లైబ్రరీ హాల్లో పాఠకుల సభకు వెళ్లింది. పూలగుచ్ఛం అందుకుంది. "రాసింది వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు నాకు లేదండీ" అని ప్రతి సభలో చెప్పే మాటే ఇక్కడా చెప్పి, ప్రతి సభలో పడే చప్పట్లే ఇక్కడా కొట్టించుకుంది. అప్పుడు మూడో వరుసలోంచి ఒక నర్సు లేచింది. "మేడమ్, మీ సీరియల్లో ఆ కుట్టుపని అక్కకున్న లైన్‌మన్ తమ్ముణ్ణి చంపకుండా వదిలినందుకు మా వార్డులో వాళ్లంతా మీకు దండం పెట్టి రమ్మన్నారు" అంది. రచయిత్రి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. ఎందుకంటే మూడు వారాల క్రితం ఆ తమ్ముణ్ణి కరెంటు స్తంభం మీంచి కిందపడేసి, తన చేత్తో తనే చంపేసింది. చంపి, ఏడ్చి, ముఖం కడుక్కుని, కాగితాలు వదిన చేతికిచ్చింది. అక్కడ ఆపాం.

లైబ్రరీ నుంచి ఇంటికి బస్సులో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ రచయిత్రి పూలగుచ్ఛం ఒళ్లో పెట్టుకుని దాని కాడలు విరుస్తూ కూర్చుంది. ముందు సీట్లో ఒకావిడ సరిగ్గా అదే పత్రిక, సరిగ్గా అదే పేజీ తెరిచి చదువుతోంది. బొమ్మ కూడా కనిపిస్తోంది: ఆసుపత్రి మంచం, దాని మీద తలకు కట్టుతో ఒక మనిషి. మెడ కాస్త చాచితే చాలు, తన కథలో ఏం జరుగుతోందో తనకు తెలిసిపోతుంది. చాచలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పొగరు అనుకునేరు. మొదట్లో అది భయమే. పద్దెనిమిదేళ్ల క్రితం మొదటి సీరియల్ మొదటి భాగం అచ్చయి వచ్చిన రోజు ఆత్రంగా తెరిచింది. నాలుగో వాక్యంలో ఒక అచ్చుతప్పు కనిపించింది. మూడు రోజులు జ్వరంతో లేవలేదు. అప్పట్నుంచి తన పేరు అచ్చయిన కాగితం ముట్టుకోవడం మానేసింది. తర్వాత ఎవరో సభలో అడిగితే ఈ సంగతి చెప్పింది, చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడేసరికి భయం కాస్తా సిద్ధాంతమైపోయింది. ఇంకొన్నాళ్లకు "ప్రభావం పడుతుందని ఇతరుల రచనలు కూడా చదవను" అని దానికి తోక తగిలించింది. దానికీ పడ్డాయి. అలా ఊరందరి చేతా చదివిస్తూ, తను మాత్రం చదవడం మానేసిన మనిషి తయారైంది.

ఇక శుద్ధప్రతి సంగతి. రచయిత్రి చేతిరాత ఘోరం. మొదటి కథ పంపినప్పుడు ఎడిటర్ "కథ బాగుందనే అనుమానంగా ఉంది. చదవగలిగేలా ఎవరిచేతైనా రాయించి పంపండి" అని తిప్పి పంపాడు. ఇంట్లోనే అలాంటి మనిషి ఉంది. భర్తకు అక్క, అంటే రచయిత్రికి వదిన. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఆరేళ్లు టెలిగ్రాఫ్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని, జనం మంచీ చెడూ నాలుగేసి మాటల్లోకి కుదించి పంపి, ఆరేళ్ల క్రితం రిటైరైంది. తెల్లకాగితం కింద గీతల కాగితం పెట్టుకుని, అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి ఆడేలా రాస్తుంది. రచయిత్రి సోమవారం చిత్తుప్రతి ఇస్తుంది, వదిన శనివారం శుద్ధప్రతి పంపుతుంది. మధ్యలో ఆ కాగితాలకు ఏం జరుగుతుందో పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా రచయిత్రి అడగలేదు.

మెట్లెక్కి తలుపు తోసేసరికి భర్త ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"ఏమండీ, నా సీరియల్లో ఆ తమ్ముడు..."

"ఆసుపత్రిలో ఉన్నాడుగా" అన్నాడాయన పేపరు దించకుండా.

"ఉన్నాడా?"

"స్పృహ కూడా వచ్చింది. ఏం, మళ్లీ పోతాడా ఏంటి కొంపదీసి?"

"మీరు నా సీరియల్ చదువుతున్నారా?"

"అంతా చదివే ఓపిక నాకెక్కడిది? పైన డబ్బా కట్టి 'జరిగిన కథ' అని నాలుగు లైన్లు వేస్తారు చూడు, అది చదువుతా. నీ సీరియళ్లన్నీ అలాగే చదివా. బాగుంటాయి."

రచయిత్రికి అప్పుడు తట్టింది. ఆ నాలుగు లైన్లు తను ఏనాడూ రాసి ఎరగదు. "ఆ 'జరిగిన కథ' రాసేదెవరు?" అని అడిగింది. ఆయన ఒకసారి భోజనాల గది వైపు చూశాడు, ఒకసారి భార్య ముఖంలోకి చూశాడు, పేపరు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భార్యకూ అక్కకూ మధ్య బతకడం నేర్చుకున్న మనిషి కదా, ఎప్పుడు చదువుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

వదిన భోజనాల బల్ల దగ్గరే ఉంది. శుద్ధప్రతులు రాసేదీ ఆ బల్ల మీదే. ఇప్పుడు దాని మీద పాత పేపరు పరుచుకుని, చిల్లుల గిన్నె పక్కన పెట్టుకుని బీన్స్ తుంచుతోంది.

"ఎవర్నడిగి బతికించావు వాణ్ణి?" అంది రచయిత్రి.

ఇన్నేళ్లలో వదినను ఆమె 'మీరు' తప్ప మరో మాట అన్నది లేదు. వదిన చేతిలో బీన్స్ కాయ ఒక క్షణం ఆగింది. తర్వాత రెండుగా విరిగి గిన్నెలో పడింది.

"సభలో ఎవరో చెప్పారన్నమాట" అంది వదిన. "ఇంకా ముందే తెలుస్తుందనుకున్నా. మూడు వారాలు పట్టింది."

"అడిగినదానికి సమాధానం చెప్పు."

"ఎవర్నడగాలమ్మా? చంపేటప్పుడు నువ్వు నన్నడిగావా?"

"రాసేది నేను!"

"అరవకు. కింద పోర్షన్ వాళ్లూ మన సీరియల్ చదువుతారు. నువ్వు వాణ్ణి చంపేశావని వాళ్లకింకా తెలీదు."

మన సీరియల్! రచయిత్రికి ఒళ్లంతా కారం పూసినట్టయింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. "చూడు. నువ్వు నకలు రాసే మనిషివి. నా మాటని నా మాటలా రాయడం, అంతే నీ పని. టెలిగ్రాఫ్ ఆఫీసులో ఎవడైనా 'నాన్న పోయారు' అని రాసిస్తే, 'నాన్న కులాసా' అని పంపేదానివా?"

దెబ్బ తగిలింది. వదిన తలెత్తి చూసింది. టెలిగ్రాఫ్ ఆఫీసు ఊసెత్తి ఆవిడతో పరాచికాలాడిన వాళ్లు ఆ ఇంట్లో లేరు.

"లేదు" అంది. "ఒక్క అక్షరం మార్చి ఎరగను. ఎందుకంటే అక్కడ పోయినవాళ్లు నిజంగా పోయేవాళ్లు. రాసేవాళ్లకి తర్వాత ఏం రాయాలో తోచక ఎవరూ పోయేవాళ్లు కాదు."

"అంటే ఏంటి నీ ఉద్దేశం?"

"ఉద్దేశం కాదు, పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నా. ఒక మనిషిని కథలోకి తెస్తావు. బాగా తెస్తావు, కాదనను. పది భాగాలయ్యేసరికి వాడితో ఏం చేయించాలో నీకు తోచదు. తోచకపోతే నాలుగు రోజులు కూర్చుని ఆలోచించాలి. నీకంత తీరికేది? సభలుంటాయి. అందుకని చంపేస్తావు. దుఃఖంతో కాదు, బద్ధకంతో."

రచయిత్రి చేయి విసిరింది. చిల్లుల గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుని కిందపడింది. బీన్స్ ముక్కలు గదంతా చిందాయి. ముందుగదిలో పేపరు పేజీ తిప్పిన చప్పుడైంది, అంతకుమించి అక్కణ్ణుంచి ఏమీ రాలేదు. ఇద్దరాడవాళ్లూ కింద పడ్డవాటి వైపు చూశారు గానీ ఏరడానికి ఎవరూ వంగలేదు.

"ఇన్నేళ్లలో ఇంకా ఏమేం మార్చావు?" అంది రచయిత్రి. "ఇవాళ అంతా చెప్పాలి నువ్వు."

వదిన చేతులు చీరకు తుడుచుకుని లేచి తన గదిలోకి వెళ్లింది. పెట్టె మూత లేచిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నాలుగు కాగితాలున్నాయి. ఒకదానికంటే ఒకటి పాతవి, అన్నీ రచయిత్రి రాతలోనివి. వదిన చిత్తుప్రతులు పారేయదని ఆమెకు ఆ క్షణం దాకా తెలీదు. నాలుగూ బల్ల మీద వరసగా పరిచింది.

"చదువు."

"నేను వెనక్కి..."

"చూసుకోవు. తెలుసు. అందుకే నేనే చదువుతా, విను." వదిన కళ్లద్దాలు పెట్టుకుంది. కౌంటర్లో కూర్చుని మాటలు సరిచూసేటప్పుడు చదివినట్టు, ఏ ఉద్వేగం లేకుండా చదివింది. "ఇది మొదటి సీరియల్. పడవవాడు మునిగిపోయాడు. 'ఒక చెప్పు మాత్రం దొరికింది. రెండోదాన్ని ఎవరూ వెతకలేదు.' ఇది నాలుగో సీరియల్. మిల్లులో పనిచేసే పెదనాన్న. 'ఒక చెప్పు మాత్రం దొరికింది. రెండోదాన్ని ఎవరూ వెతకలేదు.' ఇది ఐదేళ్ల క్రితం, లారీ డ్రైవరు..."

"చాలు."

"ఇది మూడు వారాల కిందటిది. లైన్‌మన్. 'ఒక చెప్పు మాత్రం దొరికింది.'"

"చాలన్నానా!"

"'రెండోదాన్ని ఎవరూ వెతకలేదు.' అక్షరం పొల్లు పోలేదమ్మా."

మూడు వారాల క్రితం ఆ వాక్యం కలం కిందికి వచ్చినప్పుడు ఆమెకు ఒళ్లు జలదరించింది. పదేళ్లలో ఇంత మంచి వాక్యం రాయలేదనుకుంది. ఆ వాక్యం మీద పడ్డ కన్నీటి చుక్క మరక ఇప్పటికీ ఆ నాలుగో కాగితం మీద కనిపిస్తోంది. మూడో కాగితం మీద కూడా అలాంటి మరకే ఉంది.

"మొదటిసారి నాకూ ఏడుపొచ్చింది" అంది వదిన. "ఆ వాక్యం ముట్టుకోకుండా పంపా. రెండోసారి చూసి, పాపం మర్చిపోయిందిలే అనుకుని చెప్పు తీసేసి టిఫిన్ డబ్బా పెట్టా. లారీ డ్రైవర్ని ఊరు దాటించేశా, చావే లేదు. ఈసారికి విసుగొచ్చింది. అయినా స్తంభం ఎక్కేవాడు చెప్పులు రెండూ కింద విప్పి ఎక్కుతాడు కదా? పడ్డా రెండూ అక్కడే ఉంటాయి కదా? ఒకటెక్కడికి పోయింది? కుక్క ఎత్తుకుపోయిందా?"

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పా. రెండోసారే చెప్పా, ఇదే బల్ల దగ్గర. 'వదినా, నేను వెనక్కి తిరిగి చూసుకోనని మీకు తెలుసుగా' అన్నావు. సభలో జనానికి చెప్పే గొంతుతోనే నాకూ చెప్పావు."

రచయిత్రి కుర్చీ లాక్కుని కూలబడింది. కానీ ఓడిపోయానని ఒప్పుకునే రకమైతే పద్దెనిమిదేళ్లు సీరియళ్లు రాయగలిగేది కాదు. గుక్క తిప్పుకుని మళ్లీ లేచింది.

"సరే. ఒక వాక్యం మళ్లీ మళ్లీ పడింది. పడనీ. నన్ను నిలబెట్టింది ఆ వాక్యం కాదు. మొదటి నవల్లో తల్లికి కొడుకు పోయాడని కబురొస్తుంది. ఏడవదు. కాగితం తిప్పి వెనక్కి చూస్తుంది. ఇవాళ్టికీ నా పేరు చెబితే జనం చెప్పేది ఆ ముక్కే. పొద్దున సభ మొదలుపెట్టిందే దాంతో. ఆ ఒక్క ముక్క చాలు నాకు. నువ్వు నా చేతిరాత బాగు చేశావేమో, నన్ను రచయిత్రిని చేసింది మాత్రం అది."

వదిన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గొడవ మొదలయ్యాక ఆవిడ తడుముకోవడం అదే మొదటిసారి. ఇక్కడితో వదిలేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నట్టే ఉంది. కానీ గది నిండా బీన్స్ ముక్కలున్నాయి, నకలు రాసే మనిషివన్న మాట ఇంకా చెవుల్లో ఉంది.

"ఆ నవల చిత్తుప్రతి కూడా పెట్టెలోనే ఉంది. తెమ్మంటావా?" అంది.

"ఎందుకు?"

"అందులో ఆ తల్లి 'గుండెలు బాదుకుంటూ నేలకొరిగింది' అని ఉంటుంది."

ఎక్కడో కింద పోర్షన్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది. రచయిత్రి వదిన ముఖంలోకే చూస్తూ నిలబడింది. అబద్ధం చెబుతోందేమో అని వెతికింది. కనబడలేదు.

"మాది చిన్న ఆఫీసు" అంది వదిన. "కబురు రాసుకునేదీ నేనే, ఎవరైనా కౌంటర్ దగ్గరికొస్తే చేతికిచ్చేదీ నేనే. చావు కబుర్లు ఎన్నిచ్చానో లెక్కలేదు. చదివిన వెంటనే ఏడ్చినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. చదివి, కాగితం తిప్పి వెనక్కి చూసేవాళ్లు. ఇంకేమైనా రాసుందేమోనని. ఏమీ ఉండదు. ఉండదని నాకు తెలుసు, అయినా వాళ్లు తిప్పేటప్పుడు నేనూ చూసేదాన్ని. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోడానికి నాకెవరున్నారు? నీ కాగితం మీద పెట్టా."

ఒకరిమీద ఒకరికి జాలి కలగాల్సిన చోటు ఇది. కలగలేదు. వదిన గొంతు మళ్లీ గట్టిపడింది.

"ఆ ముక్క ఎలా తట్టిందని అడిగితే నువ్వు ఏం చెప్పావో తెలుసా? మీ మేనత్తకి కబురొచ్చినప్పుడు పక్కనుండి కళ్లారా చూశానన్నావు. పత్రికలో వేశారు. నేను చదివా. నేను అన్నీ చదువుతా."

ఆ మేనత్త సంగతి రచయిత్రి ఎన్ని సభల్లో చెప్పిందో. చెప్పగా చెప్పగా మేనత్త నిలబడ్డ గుమ్మం, ఆవిడ కట్టుకున్న చీర రంగు, కాగితం తిప్పిన వేళ్లు అన్నీ కళ్లకు కట్టినట్టు కనిపించేవి. ఇప్పుడు గుమ్మం ఉంది, చీర ఉంది, మేనత్త చేతిలో కాగితం లేదు. ఎప్పుడూ లేదేమో. తల కొట్టేసినట్టయింది. ఆ పరువు తక్కువతనం భరించలేక నోటికి దొరికిన మాట విసిరేసింది.

"అంటే పద్దెనిమిదేళ్లుగా దొంగలా నా పుస్తకాల్లో దూరి కూర్చున్నావన్నమాట. నీ పేరు పెట్టుకుని ఒక్క పేజీ రాసే ధైర్యం లేక."

"నిజమే" అంది వదిన. "ధైర్యం ఉండేది కాదు."

ఆ 'ఉండేది కాదు' అన్న తీరు రచయిత్రికి నచ్చలేదు.

"ఈవారం భాగం నిన్ననే పంపించేశా" అంది వదిన, కాగితాలు నాలుగూ సర్దుకుంటూ.

"శనివారం కదా పంపేది? నేను సోమవారం ఇచ్చినవేనా?"

"నీ శోకం పెట్టెలో భద్రంగా ఉంది. ఆ లైన్‌మన్ అక్క చేత పదహారు పేజీలు ఏడిపించావు. మంచం మీద లేచి కూర్చుని పాలు తాగుతున్నవాడి కోసం అంత ఏడిస్తే జనం నవ్విపోతారు. నేను రాసింది పంపా. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నాదే. వెనకటి మూడూ అంతే, కాకపోతే వాటి మీద నీ పేరే రాశాను."

"మరి దీని మీద?"

వదిన తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

రచయిత్రి ఉన్న ఫళాన ముందుగదిలోకి పరిగెత్తి ఫోను అందుకుంది. భర్త పేపరుతో సహా లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఎడిటర్ రెండో రింగుకే ఎత్తాడు.

"మేడమ్! నూరేళ్లాయుష్షు మీకు. ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నాం. ఈవారం భాగం చదివి కంపోజింగ్‌లో పని ఆగిపోయిందంటే నమ్మండి."

"అది ఆపాలి. చిన్న మార్పు ఉంది."

"అయ్యో, మెషీనెక్కేసింది మేడమ్. అయినా అందులో మార్చడానికేముంది? ఆ వార్డులోకి వచ్చేది వాళ్లని నేను కలలో కూడా అనుకోలేదు. ఎక్కడ దాచారండీ ఇన్నాళ్లూ?"

ఎవరు, అని అడగబోయి నాలుక కరుచుకుంది. తన సీరియల్లో గదిలోకి వచ్చిందెవరని ఎడిటర్‌ను అడిగే రచయిత్రి ఎక్కడైనా ఉంటుందా?

"పైన పేరు... ఎలా వేశారు?"

అవతల చిన్న నవ్వు. "ప్రతి మీద ఎలా ఉందో అలాగే వేశాం. నాకూ ఆశ్చర్యమే అనుకోండి. కానీ మీరే సంతకం పెట్టి చీటీ కూడా జతచేశారుగా, ఒక్క అక్షరం మార్చొద్దని. మీరు ఆలోచించకుండా చేస్తారా?"

ఆ సంతకం తనది కాదని చెప్పొచ్చు. చెబితే ఆ తర్వాత ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్లి, గుమ్మంలో ఒట్టి చేతులతో నిలబడ్డ మేనత్త దగ్గర ఆగాల్సొస్తుంది. మింగలేక కక్కలేక, "అవును, ఆలోచించే చేశాను" అని ఫోను పెట్టేసింది.

ఇక మిగిలింది యుద్ధమే. సోమవారం తనే కూర్చుని తర్వాతి భాగం తన రాతలో తను రాసి, తనే తీసుకెళ్లి ఇస్తుంది. ఆసుపత్రిలో పడుకున్నవాణ్ణి ఆసుపత్రిలోనే చంపొచ్చు, అదెంత పని? కానీ ముందు వెనకటి మూడు భాగాల్లో ఆవిడ ఏం వెలగబెట్టిందో తెలియాలి. బీరువా పక్కన పేర్చిన పత్రికల్లోంచి పైవి మూడూ లాగింది. తప్పులు గీయడానికి పెన్సిల్ తీసుకుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత తన పేరున్న పేజీ తెరిచింది.

మొదట నిలబడే చదివింది. రెండో పేరాలో ఒక మాట కింద గీత గీసింది, అనవసరమని పక్కన రాసింది. ఇంకో చోట ఇలా ఎవరు మాట్లాడతారని రాసింది. స్తంభం మీద తమ్ముడున్నాడని తెలిసీ ఎవరో కరెంటు వేశారు. తమ్ముడు పడుతూ పడుతూ స్విచ్చు దగ్గరున్న మనిషిని చూశాడు. చూశాడని ఆ మనిషికీ తెలుసు. రచయిత్రి బల్ల దగ్గరికి వెళ్లే ఓపిక లేక అక్కడే నేల మీద కూర్చుంది. రెండో భాగంలో ఎప్పుడో పెన్సిల్ చెవి మీదికి చేరింది. ఆసుపత్రిలో అక్క కుట్టుపని మానుకుని రాత్రింబవళ్లు కాపలా కూర్చుంది, తమ్ముడు కళ్లు తెరిచాడు, ఎవరని అడిగితే మాత్రం చెప్పడు. ఎందుకు చెప్పవురా, అని రచయిత్రి పైకే అంది. మూడో భాగం చివర్లో వార్డు తలుపు తెరుచుకుంది. అక్క వెనక్కి తిరిగి ఉంది, వచ్చిందెవరో చూడలేదు. తమ్ముడు చూశాడు. కట్టు కట్టిన చేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు. "అక్కా, నువ్వెళ్లి నీళ్లు తీసుకురా. తొందరేం లేదు" అన్నాడు.

అక్కడితో అయిపోయింది.

రచయిత్రి కాగితం తిప్పి వెనక్కి చూసింది. వెనక తలనూనె ప్రకటన ఉంది. ప్రకటనలో అమ్మాయి జుట్టు వంక చాలాసేపు చూశాక గానీ తన చేయి ఏం చేసిందో ఆమెకు అర్థం కాలేదు.

పత్రిక పట్టుకునే లేచింది. వదిన గది తలుపు దగ్గరికి వెళ్లింది. అడగాల్సింది పేరు గురించి. ఈవారం భాగం పైన ఎవరి పేరుంది, తన పేరేనా, ఆవిడ పేరా, అసలు ఏ పేరూ లేదా? తన పరువూ, పద్దెనిమిదేళ్లూ, రేపటి సభలూ అన్నీ ఆ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి. మాటలు వరసగా పేర్చుకుని, గొంతు సవరించుకుని, తలుపు తట్టింది.

"వదినా, మిమ్మల్నే" అంది. "వార్డులోకి వచ్చిందెవరు?"

లోపల కుర్చీ కదిలింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ మాత్రం తీయలేదు.

"వారం ఆగు" అంది వదిన. "అందరూ ఆగట్లేదూ?"